గర్భిణి మూత్రపిండాలపై హార్మోన్ల ప్రభావం: మామూలుగా కనిపించే అంకె ఎప్పుడు హెచ్చరిక అవుతుంది?

రక్తపరీక్ష రిపోర్టులో క్రియాటినిన్ 0.9 మిల్లీగ్రాములు అని ఉంటే, పక్కన ముద్రించిన పరిమితితో పోల్చుకుని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అదే రిపోర్టు గర్భిణిది అయినప్పుడు వైద్యులు మరోసారి ఆలోచిస్తారు. గర్భం నిలిచిన తొలి వారాల నుంచే హార్మోన్లు మూత్రపిండాల రక్తనాళాలను విప్పారజేస్తాయి. వడపోత దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. దాంతో రక్తంలో క్రియాటినిన్ తగ్గాలి. తగ్గవలసినది తగ్గకపోవడమే గర్భిణి విషయంలో తొలి హెచ్చరిక.

ఈ మార్పు ఎలా వస్తుంది, ఎందుకు వస్తుంది, అది సక్రమంగా జరగనప్పుడు తల్లికీ శిశువుకూ కలిగే ముప్పు ఏమిటి అన్నవి పుదుచ్చేరి వంటి పట్టణాల్లోని పెద్దాసుపత్రులకు నిత్యం ఎదురయ్యే ప్రశ్నలు. పట్టణంలోని జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థకు, అంటే జిప్‌మర్‌కు, పుదుచ్చేరి వారే కాక పొరుగున ఉన్న విళుప్పురం, కడలూరు జిల్లాల గర్భిణులూ వస్తుంటారు. ఫ్రెంచి పాలనలో 1823లో ప్రారంభమైన వైద్య పాఠశాలే ఈ సంస్థకు మూలం. 1964లో దీనికి ప్రస్తుత నామం ఏర్పడింది. 2008లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు లభించింది.

వడపోత ఎలా జరుగుతుంది?

గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు మూత్రపిండాలకే చేరుతుంది. అంటే నిమిషానికి ఒక లీటరుకు పైగా రక్తం వాటి గుండా ప్రవహిస్తుంది. ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల సూక్ష్మ వడపోత విభాగాలు ఉంటాయి. ప్రతి విభాగంలోనూ సన్నని రక్తకేశనాళికలు చుట్టగా చుట్టుకుని ఒక గుచ్ఛంగా ఏర్పడి ఉంటాయి. ఆ గుచ్ఛంలోకి రక్తాన్ని తెచ్చే సన్న ధమని ఒకటి, బయటికి తీసుకుపోయేది మరొకటి.

ఈ రెండు ధమనులు ఎంత విప్పారి ఉన్నాయి, ఎంత బిగిసి ఉన్నాయి అన్న దానిపైనే వడపోత ఆధారపడి ఉంటుంది. తెచ్చే ధమని బిగిస్తే గుచ్ఛానికి రక్తం తగ్గి వడపోత మందగిస్తుంది. తీసుకుపోయే ధమని బిగిస్తే గుచ్ఛంలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఏళ్ల తరబడి కొనసాగితే వడపోత పొర దెబ్బతింటుంది. మధుమేహ రోగుల మూత్రపిండాలకు కలిగే హానిలో ఈ అధిక ఒత్తిడికి పెద్ద పాత్ర ఉంది.

గర్భధారణలో వచ్చే మార్పు

గర్భం నిలిచిన నాలుగు వారాలకే వడపోత వేగం సుమారు 25 శాతం పెరుగుతుంది. నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య ఈ పెరుగుదల 40 నుంచి 60 శాతం వరకు చేరుతుంది. మూత్రపిండాలకు చేరే రక్తద్రవం అంతకంటే ఎక్కువగా, 50 నుంచి 80 శాతం దాకా హెచ్చుతుంది. మూత్రపిండం పొడవు ఒక సెంటీమీటరు మేర పెరగడమూ స్కానింగులో కనిపిస్తుంది.

శిశువు విసర్జించే వ్యర్థాల భారాన్ని మోయడానికే మూత్రపిండాలు ఇలా శ్రమిస్తాయన్న వివరణ సహజంగా తోస్తుంది. అయితే పిండం ఇంకా అతి సూక్ష్మంగా ఉన్న దశలోనే ఈ మార్పు మొదలవుతుంది. నెలసరి చక్రం రెండో సగంలో, గర్భం లేకపోయినా, వడపోత కొద్దిగా పెరుగుతుంది. ఎలుకల్లో పిండం లేకుండానే గర్భధారణను పోలిన హార్మోన్ల స్థితిని కలిగించినప్పుడు కూడా ఇదే మార్పు కనిపించింది. వీటన్నిటినీ బట్టి పిండం భారం కంటే ముందు తల్లి శరీరంలోని హార్మోన్లే మూత్రపిండాలను సిద్ధం చేస్తాయని తేలింది.

మూత్రపిండ మార్పిడి జరిగిన మహిళల అనుభవం దీనికి మరో ఆధారం. అమర్చిన మూత్రపిండానికి నరాల అనుసంధానం తెగిపోయి ఉంటుంది. అయినా గర్భధారణలో దాని వడపోత పెరుగుతుంది. అంటే సందేశం నరాల ద్వారా కాక రక్తం ద్వారా అందుతోందన్నమాట. కవల సోదరి నుంచి మూత్రపిండాన్ని పొందిన అమెరికా మహిళ ఈడిత్ హెల్మ్ 1958లో బిడ్డకు జన్మనిచ్చారు. మూత్రపిండ మార్పిడి తరువాత తల్లి అయిన తొలి మహిళగా వైద్య చరిత్ర ఆమెను గుర్తుంచుకుంది.

ప్రధాన పాత్ర రిలాక్సిన్‌ది

ఈ మార్పులో ముఖ్యమైన హార్మోను రిలాక్సిన్. అండం విడుదలైన తరువాత అండాశయంలో మిగిలే కార్పస్ లూటియం అనే పసుపు రంగు గ్రంథి దీన్ని స్రవిస్తుంది. గర్భం నిలిస్తే, గర్భనిర్ధారణ పరీక్షలో గుర్తించే హార్మోను, అంటే హెచ్‌సీజీ, ఆ గ్రంథిని ప్రేరేపించి రిలాక్సిన్ స్రావాన్ని పెంచుతుంది. అందుకే తొలి మూడు నెలల్లో దీని స్థాయి అత్యధికంగా ఉంటుంది.

అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హిసా 1926లో ఈ పదార్థాన్ని గుర్తించారు. గర్భం దాల్చిన జంతువుల రక్తం నుంచి వేరుచేసిన ద్రవాన్ని గినీ పందులకు ఎక్కించగా వాటి కటి ఎముకల మధ్య బంధనం వదులైంది. సడలించే గుణం ఉన్నందునే దానికి రిలాక్సిన్ అన్న పేరు స్థిరపడింది. ప్రసవ మార్గాన్ని సడలించే హార్మోనుగానే దీన్ని దశాబ్దాల పాటు పరిగణించారు.

రక్తనాళాలపై దీని ప్రభావం స్పష్టపడింది గత శతాబ్దం చివరిలో. కిర్క్ కాన్రాడ్ బృందం 1999లో ఎలుకలకు రిలాక్సిన్ ఇచ్చి, వాటి మూత్రపిండాల రక్తప్రవాహం, వడపోత గర్భధారణలో మాదిరిగానే పెరగడాన్ని గమనించింది. ఆ తరువాత మగ ఎలుకల్లోనూ అదే ఫలితం కనిపించింది. 2001లో ఆ బృందమే గర్భంతో ఉన్న ఎలుకల్లో రిలాక్సిన్‌ను ప్రతిరక్షకాలతో నిర్వీర్యం చేసింది. అప్పుడు మూత్రపిండాల రక్తనాళాలు విప్పారలేదు.

రిలాక్సిన్ పనిచేసే తీరు ఆసక్తికరమైనది. రక్తనాళాల గోడల్లో ఎండోథెలిన్ అనే పదార్థం ఉంటుంది. సాధారణంగా అది నాళాలను గట్టిగా బిగిస్తుంది. రిలాక్సిన్ ప్రభావంతో కొన్ని ఎంజైములు చురుకై ఎండోథెలిన్‌ను మరో రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం నాళాల లోపొర కణాలపై ఉన్న ప్రత్యేక గ్రాహకాన్ని తాకి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలకు కారణమవుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ నాళం చుట్టూ ఉన్న కండరాన్ని సడలిస్తుంది. శరీరంలో ఈ వాయువు సందేశవాహకంగా పనిచేస్తుందని కనుగొన్నందుకే 1998లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మనుషుల్లో రిలాక్సిన్ ఒక్కటే సర్వస్వం కాదు. అండాశయాలు పనిచేయని మహిళలు దాత అండంతో గర్భం దాల్చినప్పుడు వారి శరీరంలో కార్పస్ లూటియం ఉండదు, రిలాక్సిన్ కూడా దాదాపు ఉండదు. అటువంటి వారిలో వడపోత పెరుగుదల తక్కువగా ఉన్నట్లు అధ్యయనాలు తెలిపాయి. అయితే కొంత పెరుగుదల వారిలోనూ ఉంది. ఇతర హార్మోన్లూ ఈ పనిలో పాలుపంచుకుంటాయనడానికి అదే నిదర్శనం.

ప్రొజెస్టిరాన్, ఈస్ట్రోజెన్

ప్రొజెస్టిరాన్ మృదు కండరాలను సడలిస్తుంది. రక్తనాళాల గోడలతో పాటు మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళాలు కూడా దీని వల్ల వదులై వెడల్పవుతాయి. పెరిగే గర్భసంచి ఒత్తిడి తోడై, కుడివైపు నాళం మరింత వెడల్పుగా కనిపించడం పరిపాటి. మూత్రం కొంతసేపు నిలిచిపోవడం వల్ల గర్భిణులకు మూత్రకోశ ఇన్‌ఫెక్షన్లు మూత్రపిండం దాకా పాకే ప్రమాదం ఎక్కువ. లక్షణాలు లేకపోయినా గర్భిణులకు మూత్రపరీక్ష చేయడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈస్ట్రోజెన్ కూడా నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తిని పెంచి నాళాలను సడలిస్తుంది. మరోవైపు కాలేయంలో యాంజియోటెన్సినోజెన్ తయారీని అధికం చేస్తుంది. దీని నుంచి ఏర్పడే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగించి రక్తపోటును పెంచే పదార్థం. అయినా ఆరోగ్యవంతురాలైన గర్భిణికి రక్తపోటు పెరగదు, అయిదో నెల ప్రాంతంలో కొంత తగ్గుతుంది కూడా. ఆమె రక్తనాళాలు యాంజియోటెన్సిన్‌కు అంతగా స్పందించకపోవడమే అందుకు కారణం. ఈ నిరోధకత కోల్పోయిన గర్భిణులకే తరువాత అధిక రక్తపోటు వస్తోందని 1973లో అమెరికాలో జరిగిన ఒక ప్రసిద్ధ అధ్యయనం చూపింది.

నాళాలు విప్పారి చోటు పెరగడంతో శరీరం ఉప్పునూ నీటినీ నిలుపుకుంటుంది. రక్తద్రవం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బడం చాలామంది గర్భిణుల్లో ఈ కారణంగానే కనిపిస్తుంది.

ఇంత పని పెరిగినా మూత్రపిండం ఎందుకు దెబ్బతినదు?

వడపోత అధికం కావడం మధుమేహంలో హానికరమైతే, గర్భధారణలో ఎందుకు హాని చేయదన్న సందేహం కలగవచ్చు. రెండు ధమనుల విషయంలోనే దీనికి సమాధానం ఉంది. హార్మోన్ల ప్రభావంతో గుచ్ఛంలోకి తెచ్చే ధమని, బయటికి తీసుకుపోయే ధమని రెండూ ఒకే మేరకు విప్పారతాయి. కాలువకు పై తూమునూ కింది తూమునూ కలిపి ఎత్తితే ప్రవాహం పెరుగుతుంది కాని గట్టుపై ఒత్తిడి పెరగదు. మూత్రపిండంలోనూ అంతే. ఎలుకల మూత్రపిండాల్లో సూక్ష్మ సూదులతో కొలిచినప్పుడు, వడపోత పెరిగినా గుచ్ఛంలోని ఒత్తిడి పెరగలేదని తేలింది. అందుకే ఆరోగ్యవంతులైన మహిళల్లో ప్రసవం తరువాత కొద్ది వారాల్లోనే మూత్రపిండాలు పూర్వ స్థితికి చేరుకుంటాయి.

రిపోర్టులోని అంకెలకు కొత్త అర్థం

వడపోత పెరగడంతో క్రియాటినిన్, యూరియా, యూరిక్ ఆమ్లం త్వరగా బయటికి పోతాయి. గర్భం లేనప్పుడు 0.7 లేదా 0.8 మిల్లీగ్రాములుగా ఉన్న క్రియాటినిన్, గర్భధారణలో 0.4 నుంచి 0.6 దాకా దిగివస్తుంది. డెసీలీటరుకు 0.87 మిల్లీగ్రాములు దాటితే గర్భిణిలో దాన్ని అసాధారణంగా పరిగణించి కారణం వెతకాలని మూత్రపిండ నిపుణులు సూచిస్తున్నారు. ప్రయోగశాల ముద్రించే పరిమితి సాధారణ ప్రజల కోసం నిర్ణయించినది. కంప్యూటరు లెక్కగట్టి ఇచ్చే వడపోత వేగపు అంచనా కూడా గర్భిణులకు సరిపడదు.

కొన్ని మార్పులు ఇందుకు భిన్నంగా, ఆందోళన కలిగించేలా కనిపించినా ప్రమాదకరం కాకపోవచ్చు. వడపోతలో దిగిన చక్కెరనంతా తిరిగి పీల్చుకోలేక మూత్రంలో కొంత చక్కెర కనిపించవచ్చు. దాని ఆధారంగానే మధుమేహం ఉందని తేల్చరాదు, రక్తపరీక్ష అవసరం. మాంసకృత్తులు కూడా కొద్దిగా అధికంగా పోతాయి. అయితే రోజుకు 300 మిల్లీగ్రాములు దాటితే దాన్ని మామూలు మార్పుగా భావించరాదు.

విప్పారవలసిన నాళాలు బిగుసుకుంటే

గర్భం 20 వారాలు దాటిన తరువాత రక్తపోటు 140/90 లేదా అంతకు మించి, మూత్రంలో మాంసకృత్తులు పోవడమో ఇతర అవయవాలు దెబ్బతినడమో జరిగితే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరి మూర్ఛలు వస్తే ఎక్లాంప్సియా అవుతుంది. తెలుగునాట దీన్ని గుర్రపువాతం అని వ్యవహరిస్తారు. ప్రపంచవ్యాప్తంగా 2 నుంచి 8 శాతం గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా తలెత్తుతుందని అంచనా.

ఈ వ్యాధిలో మూత్రపిండాల రక్తనాళాలు గర్భధారణకు విరుద్ధమైన దిశలో నడుస్తాయి. నాళాలు బిగుసుకుంటాయి. గుచ్ఛంలోని కేశనాళికల లోపొర కణాలు ఉబ్బి దారిని ఇరుకు చేస్తాయి. వడపోత తగ్గి క్రియాటినిన్ పెరుగుతుంది.

దీనికి మూలం మాయలో ఉందని తెలిపిన పరిశోధనల్లో మద్రాసు వైద్య కళాశాల పూర్వ విద్యార్థి, మూత్రపిండ నిపుణుడు ఎస్. అనంత్ కరుమంచి బృందం అమెరికాలో చేసిన కృషి ప్రముఖమైనది. సరిగా ఎదగని మాయ ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే మాంసకృత్తిని అధికంగా రక్తంలోకి వదులుతుంది. రక్తనాళాల లోపొరను ఆరోగ్యంగా ఉంచే వృద్ధి కారకాలను అది పట్టి బంధిస్తుంది. 2003లో ప్రచురితమైన ప్రయోగాల్లో, ఎలుకల్లో ఈ మాంసకృత్తి అధికమైనప్పుడు రక్తపోటు, మూత్రంలో మాంసకృత్తులు, మూత్రపిండంలో అదే విధమైన వాపు కనిపించాయి. ఈ మాంసకృత్తికీ, మాయ వృద్ధి కారకానికీ మధ్య నిష్పత్తిని కొలిచే రక్తపరీక్షకు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ముప్పును ముందే పసిగట్టే ప్రయత్నాలు పుదుచ్చేరిలోనూ సాగాయి. జిప్‌మర్ శరీరధర్మశాస్త్ర విభాగానికి చెందిన గోపాల కృష్ణ పాల్ బృందం 2009లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. గుండె లయలో వచ్చే సూక్ష్మమైన హెచ్చుతగ్గులను విశ్లేషించి, గర్భధారణలో రాబోయే అధిక రక్తపోటును ముందుగా గుర్తించవచ్చునా అన్నది దాని విషయం. రక్తనాళాలను బిగించే నాడీ వ్యవస్థ, సడలించే హార్మోన్ల మధ్య సమతౌల్యం ఈ వ్యాధిలో తప్పుతుంది. గుండె లయను నడిపించే నాడీ వ్యవస్థే మూత్రపిండాల నాళాలనూ ప్రభావితం చేస్తుంది కనుక ఈ దిశలోని పరిశోధనకు ప్రాధాన్యం ఉంది.

అప్పటికే మూత్రపిండ వ్యాధి ఉంటే

దెబ్బతిన్న మూత్రపిండానికి అదనపు పని చేసే శక్తి తక్కువ. హార్మోన్ల సందేశం అందినా అది పూర్తిగా స్పందించలేదు. తొలి మూడు నెలల్లో క్రియాటినిన్ తగ్గకపోవడం అటువంటి దాగిన వ్యాధికి సూచన కావచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి ఈ విషయం ప్రత్యేకంగా వర్తిస్తుంది. అక్కడి దీర్ఘకాలిక వ్యాధి చాలామందిలో మూత్రంలో మాంసకృత్తులు అంతగా కనిపించకుండానే ముదురుతుంది. కాబట్టి మూత్రపరీక్ష ఒక్కదానితో సరిపుచ్చక గర్భధారణ తొలి దశలోనే రక్తంలో క్రియాటినిన్ చూడటం మేలు. పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగువారు నివసించే యానాం, రాజధాని పట్టణానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కాకినాడకు చేరువలో ఉంది. అక్కడ జిప్‌మర్ బహుళ వైద్య సేవల విభాగం 2024లో ప్రారంభమైంది. ఎంత దగ్గరలో ఆసుపత్రి ఉన్నా, గర్భానికి ముందున్న పాత రిపోర్టును భద్రపరచి చూపిస్తే వైద్యులకు పోల్చి చూసే వీలు కలుగుతుంది.

గర్భిణులు, కుటుంబ సభ్యులు గమనించవలసినవి

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. 2016లో మొదలైన ఈ కార్యక్రమంలో రక్తపోటు, మూత్రపరీక్ష భాగంగా ఉన్నాయి.

ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, మూత్రం బాగా తగ్గిపోవడం వంటివి కనిపిస్తే తరువాతి పరీక్ష తేదీ వరకు ఆగరాదు. రక్తపోటు 160/110 చేరితే అది అత్యవసర పరిస్థితి. జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి కలిసి వస్తే మూత్రపిండానికి ఇన్‌ఫెక్షన్ సోకినట్లు అనుమానించాలి.

నొప్పి మాత్రల్లో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మూత్రపిండాల రక్తనాళాలను బిగిస్తాయి. గర్భిణులు వాటిని సొంతంగా వాడరాదు. రక్తపోటుకు ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి మందులు శిశువు మూత్రపిండాలకు హాని చేస్తాయి. వాటిని వాడుతున్న మహిళలు గర్భం కోరుకున్నప్పుడే వైద్యుని సంప్రదించి వేరే మందులకు మారాలి. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 12 నుంచి 16 వారాల మధ్య తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టడం ప్రీఎక్లాంప్సియాను కొంతవరకు నివారిస్తుంది. ఎవరికి అవసరమో వైద్యులే నిర్ణయిస్తారు.

ప్రసవంతో బాధ్యత ముగియదు. తొలి గర్భంలో ప్రీఎక్లాంప్సియా వచ్చిన మహిళలకు తదనంతర కాలంలో మూత్రపిండాలు పూర్తిగా విఫలమయ్యే ముప్పు, రాని వారితో పోలిస్తే 4.7 రెట్లు ఉన్నట్లు 2008లో నార్వే అధ్యయనం తెలిపింది. మొత్తం మీద అటువంటి కేసులు తక్కువే అయినా, ప్రసవమైన మూడు నెలలకు రక్తపోటు, మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోవడం, ఆ తరువాత ఏటా చూపించుకోవడం మంచిది. బిడ్డ టీకాలకు ఆసుపత్రికి వెళ్లే రోజే తల్లి ఈ పరీక్షలు చేయించుకుంటే, వేరుగా వెళ్లే శ్రమ తప్పుతుంది.